భుజం నొప్పి అని చెప్పి వెళ్ళిన శనివారాలు

మా వాడలో ఎవరు ఎదురుపడినా ముందు నా భుజం సంగతి అడుగుతారు. "భుజం ఎట్లున్నదే అండాలూ?" అంటారు. "జర నయమే వదినా" అంటాను. నా భుజానికి ఏ రోగమూ లేదు. ఎన్నడూ లేదు. లేని నొప్పికి రెండేళ్ళుగా నయమవుతూ వచ్చిన మనిషిని నేను. ఉన్న నొప్పి పేరు మాత్రం నోటి వెంట రానివ్వలేదు. ఈ మధ్య మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది జరిగాక ఇంకా దాచిపెట్టడం సిగ్గుచేటు అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నాలాంటివాళ్ళు ఎవరైనా చదివితే, వాళ్ళు భుజం దగ్గరే ఆగిపోకూడదని నా ఆశ.

మాది రామన్నపేట దగ్గర ఒక ఊరు. చేనేత ఇల్లు. మా ఆయన నర్సింహ మగ్గం నేస్తాడు, నేను ఆసు పోస్తాను. ఆసు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. అర్ధచంద్రం మాదిరి వరుసగా మేకులున్న చట్రం అది. నడుమనున్న మేకు దగ్గర నుంచి అంచున ఉన్న ఒక్కో మేకుకు దారాన్ని తిప్పుతూ పోవాలి. చెయ్యి పోతూ వస్తూ ఉండాలి, పొద్దంతా. ఆ తర్వాతే రంగు అంటకుండా దారానికి చిటికి కట్టడమైనా, రంగు అద్దడమైనా. మా వైపు ఆసు పోసే ఆడవాళ్ళలో భుజం పట్టని మనిషి లేదు. అందుకే నాకు జబ్బు చేస్తే ఇంట్లో అందరూ మొదట చూసింది భుజాన్నే. వాళ్ళ తప్పేముంది, నేనూ అదే అనుకున్నాను.

కరోనా పోయి బేరాలు మళ్ళీ మొదలైన ఏడాది, బతుకమ్మ నెలలో మొదలైంది. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మనాడు మా ఆయన తంగేడు, గునుగు మోపు తెచ్చి వాకిట్లో వేశాడు. పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక పువ్వు తీసి పెట్టాను. రెండోది తీయడానికి చెయ్యి లేవలేదు. రేపు పేర్చుదాంలే అనుకున్నాను. సద్దుల బతుకమ్మకు రేపెక్కడిది! వాడలో పాటలు మొదలయ్యాయి, ఆడవాళ్ళు వచ్చి పిలిచారు, నేను పువ్వుల ముందే కూర్చున్నాను. మా అత్తమ్మ రాములమ్మ వచ్చి నా ముఖం ఒకసారి చూసి, పళ్ళెం తన వైపు లాక్కుని మిగతాది పేర్చింది.

అప్పటి నుంచి అదే వరస. పొద్దున కళ్ళు తెరవగానే గుండె మీద బండ. అన్నం మట్టి మాదిరి ఉండేది. నల్లగొండ హాస్టల్లో ఉండి చదువుకునే మా బిడ్డ ఫోన్ చేస్తే, ఆ పిల్ల గొంతు ఎక్కడో గోడ అవతల వినిపించినట్టు ఉండేది. ఎవరైనా అడిగితే "చెయ్యి లేస్తలేదు" అనేదాన్ని. అది నిజమే. లేవనిది ఒక్క చెయ్యేనా, మనిషినే లేవడం లేదని చెప్పడానికి నాకు మాటలు తెలియవు.

ఇక ఆ చలికాలమంతా భుజం యాత్ర. నల్లగొండలో ఎముకల డాక్టర్ ఫోటోలు తీయించాడు. చౌటుప్పల్‌లో ఇంకో డాక్టర్ ఆ ఫోటోలు పనికిరావని కొత్తవి తీయించాడు. మాలిష్ చేసే ఆయన ఒకడు దొరికాడు. నా భుజానికి రుద్దిన నూనెతో ఒక పెళ్ళి వంట చేయొచ్చు. ప్రతి వరండాలోనూ నా పక్కన నాలాంటి ఆడవాళ్ళే, చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎందరిది నిజంగా భుజమో నాకు ఇప్పుడు అనుమానం.

నర్సింహ మంచివాడు. నా బాధ చూడలేకపోయాడు. ఒకరోజు ఆటోలో ఆసు మిషను తెచ్చి దింపాడు. కరెంటుతో నడిచేది. మీట నొక్కితే చాలు, దారం దానంతట అదే తిరుగుతుంది. "ఇంక నువ్వు చెయ్యి ఆడియ్యొద్దే. ఊకె కూసో" అన్నాడు నవ్వుతూ.

అత్తమ్మ గడపలోనే నిలబడిపోయింది. "వద్దురా. వాపస్ ఇచ్చి రా."

"ఎందుకే అమ్మా?"

"దాని చెయ్యి ఆడనియ్యి. ఆపకు."

"కోడలు జర సుఖపడితే ఓర్వవా? నువ్వు కష్టపడ్డవని అది సుత కష్టపడాల్నా?"

ఆ మాటకు అత్తమ్మ ముఖం ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ గుర్తే. కొంగు దులుపుకుని వంటింట్లోకి పోయింది. ముసలితనం మొండితనం అని వాడంతా అనుకున్నారు. పాత ఆసు చట్రం సజ్జ మీదికి ఎక్కింది.

మిషను వచ్చాక నాకు పని లేకుండా పోయింది. అది గిర్రుమని తిరుగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అంతకుముందు ఎంత బాధ ఉన్నా ఎంతో కొంత చెయ్యి ఆడేది, ఏదో ఒక పూట గడిచేది. ఇప్పుడు పూటలు గడవడం మానేశాయి. పడుకుని గోడ వైపు తిరిగేదాన్ని. చుట్టాలు వచ్చి "నీకేం తక్కువనే? బంగారమసోంటి మొగడు, చదువుకునే బిడ్డ, మిషను గూడ తెచ్చిండు" అనేవాళ్ళు. వాళ్ళు పోయాక, అవును కదా, నాకేం తక్కువ, నేనే తక్కువ అనుకునేదాన్ని.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. లేచాను. వాకిలి దాటాను. ఎక్కడికి బయలుదేరానో నాకు తెలుసు, ఇక్కడ రాయను. సందు మలుపులో అత్తమ్మ కిరాణా నుంచి వస్తూ ఎదురైంది. ఏడికి పోతున్నవని అడగలేదు. నా కళ్ళలోకి చూసి, చేతిలోని సంచి కింద పడేసి, నా మణికట్టు పట్టుకుంది. గాజు పగిలింది, అంత గట్టిగా పట్టుకుంది. "ఇంటికి నడువు బిడ్డా" అంది. అంతవరకు ఆమె నన్ను బిడ్డా అని పిలవలేదు.

సాయంత్రం కొడుకుతో చెప్పింది. "భుజం డాక్టర్లు చాలు. రేపు పెద్ద దవాఖానకు తీస్కపో. మనసు డాక్టర్ కాడికి."

"మనసు డాక్టర్ అంటే పిచ్చి డాక్టరే గదనే? వాడల తెలిస్తే ఎట్ల?"

"తీస్కపో అన్న."

ఆమెకు ఇది ఎట్లా తెలిసిందని ఆ పూట ఎవరమూ అడగలేదు.

పెద్ద దవాఖానలో ఆ గది ముందు బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, నర్సింహ గేటు బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు. తల మీద తువ్వాల వేసుకుని. ఊరివాళ్ళు చూస్తారని భయం. నాకు కోపం రాలేదు. అప్పటికి నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. పక్కన దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె తన బిస్కెట్ పొట్లం నా ఒడిలో పెట్టింది. "మొదటిసారా? నేను సుత మొదటిసారి గిట్లనే వణికిన. ఏం జెయ్యరు, ముచ్చట అడుగుతరంతే. తిను" అంది. ఆమె పేరు నేను అడగలేదు. ఆ బిస్కెట్ రుచి మాత్రం తెలిసింది. నెలల తర్వాత నాకు తెలిసిన మొదటి రుచి అది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. "నిద్ర పడుతుందా? తెల్లవారుజామునే మెలకువ వస్తుందా? ఏడుపు వస్తుందా?" అని అడిగింది. భుజం గురించి ఒక్క ముక్క అడగలేదు. అందుకే ఏడ్చేశాను. ఇది దిగులు జబ్బు అని పేరు చెప్పి, మాత్రలు రాసిచ్చి, వెంటనే పని చేయవు, మానొద్దు అంది. కొన్ని వారాలకు గుండె మీది బండ కొంచెం కదిలింది. ఇంకోసారి వెళ్ళినప్పుడు, నకిరేకల్‌లో ఇలాంటి బాధ పడ్డవాళ్ళు శనివారాలు కలుస్తారు, వెళ్ళి కూర్చోండి అని చోటు చెప్పింది. నకిరేకల్‌లో నన్ను ఎరిగినవాళ్ళు లేరు. అందుకే ఒప్పుకున్నాను. "ఎవలన్న అడిగితే భుజానికి కరెంటు పెట్టిచ్చుకునేతందుకు పోతున్న అను" అని నేర్పాడు మా ఆయన.

మొదటి శనివారం బస్సు దిగి సందులన్నీ తిరిగాను. దిగులు ఉన్నవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని ఎవరినని అడగను? డాక్టరమ్మ చెప్పిన గుర్తు ఒక ఎరువుల దుకాణం, దాని పైన పాత టైపు ఇన్‌స్టిట్యూట్. దుకాణం దొరికింది. "అన్నా, పైన టైపు..." అన్నాను.

"టైపు ఎప్పుడో బందైందమ్మా. గిప్పుడు శనివారం శనివారం ఎవలో వచ్చి కూసుంటరు. జరసేపు ఏడ్సినట్టు ఇనొస్తది, జరసేపు నవ్వినట్టు ఇనొస్తది. ఏం జేస్తరో నాకైతే ఎరికలేదు."

భయమేసింది. మెట్ల కింద నిలబడి పైకి చూశాను. తర్వాత అంగట్లో నిమ్మకాయలు కొనుక్కుని వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాను. ఇంట్లో కరెంటు పెట్టించుకున్నానని చెప్పాను. ఎట్లున్నదని అడిగితే జర నయం అన్నాను.

తర్వాతి శనివారం ఎక్కాను. బట్ట కప్పిన పాత టైపు మిషన్లు ఒక మూలకు, నాలుగు బెంచీలు, పది మందికి మించని జనం. నేను గడపలో తచ్చాడుతుంటే ఒక పెద్దాయన "రామ్మా రా, జాగా ఉన్నది. లోపలికి జరుగుండ్రి, జరుగుండ్రి" అన్నాడు. యాదగిరి సార్. ఆర్టీసీలో కండక్టర్ చేసి రిటైరైన మనిషి, ఆయన కూడా ఈ జబ్బు పడి లేచినవాడే. ఆ గదిలో పద్ధతులు ఆయనే చెప్పాడు. ఎవరూ సలహా చెప్పకూడదు. ఎందుకొచ్చింది అని అడగకూడదు. రాలేకపోతే ఒక ఫోన్ చేయాలి. "దిగేటప్పుడు చెప్పి దిగాలె, అంతే" అని నవ్వాడు.

నా వంతు వచ్చింది. లేచి నిలబడి, అలవాటు కొద్దీ "నాకు భుజం నొప్పి" అన్నాను. గది మొత్తం నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు ఒకాయన "నాది మూడేండ్లు గ్యాస్ అమ్మా" అన్నాడు. ఇంకొకామె "నాది నడుము" అంది. నా పక్కన కూర్చున్న పిల్ల "నాకు దిష్టి అక్కా. మిరపకాయలు దిగదీసి దిగదీసి మా ఇంట్ల దగ్గులే దగ్గులు" అంది. నాకూ నవ్వొచ్చింది. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆ పిల్ల పేరు సరిత. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పని. పొద్దంతా పెట్టుకునే టోపీ అంచు గుర్తు నుదుటి మీద అట్లాగే ఉండేది. "ఊరందరికి మందులు జేస్త, నాకే మందు దొర్కుతలేదు" అనేది. నా పక్కనే కూర్చునేది, నా వంతు వస్తే మోచేత్తో పొడిచేది. బస్సు వచ్చేదాకా ఇద్దరం మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళం. ఎవరికీ చెప్పనివి ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ రెండు ఎండాకాలాల నడుమ నేను బతికి ఉన్నానంటే మాత్రలు సగం, సరిత సగం.

రెండో ఏడు వానలు మొదలయ్యాక ఒక శనివారం సరిత రాలేదు. ఫోన్ కూడా చేయలేదు. యాదగిరి సార్ చేశాడు. ఎత్తింది ఆమె అన్న. సార్ విన్నాడు, "అట్లనా నాయినా" అన్నాడు, ఫోన్ జేబులో పెట్టుకోవడం చేతకాక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. మాకు అర్థమైంది. ముందు శనివారం కూడా బజ్జీలో మిరపకాయ కారంగా ఉందని నన్ను తిట్టింది ఆ పిల్ల. ఎందుకు అని అడగకూడదనేది ఆ గది పద్ధతి. నాకు గొంతు చించుకుని అడగాలనిపించింది. ఎవరిని అడగను?

ఇంటికి వచ్చి చెప్తే నర్సింహ భయపడిపోయాడు. "ఇంక గాడికి పోవద్దే. చావు ముచ్చట్లు ఇనుకుంట కూసుంటె నువ్వెట్ల బాగైతవ్?" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది. మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి. మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నాను. సరిత పోయిన దారి నాకు కొత్త కాదు, నేను సందు మలుపు దాకా పోయి వచ్చిన దారే. ఈసారి ఎవరైనా మణికట్టు పట్టుకుంటే విదిలించుకునేదాన్నని నాకు తెలుసు. అది తెలిసి కూడా భయం వేయకపోవడమే అన్నిటికన్నా పెద్ద భయం.

అలా రెండు మూడు శనివారాలు పోయాయి. ఒక శనివారం పొద్దున అత్తమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నా చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"లెవ్వు. నకిరేకల్ పోదాం."

"నువ్వెందుకు అత్తమ్మా?"

"తోడు."

"ఏం లాభం? సరిత గూడ పోయింది గద గాడికి."

"అందుకే పోవాలె. లెవ్వు, బస్సు పోతది."

బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. గదిలోకి వెళ్ళగానే తలుపు దగ్గరి బెంచీ చివర కూర్చుంది. అది సరిత కూర్చునే చోటు. ఆమెకు తెలియదు. అక్కడి నుంచి జరగమని ఎవరమూ అనలేదు.

ఆ రోజు అందరూ సరిత గురించే మాట్లాడారు. నా వంతు వస్తే "నాకు దాని మీద కోపమొస్తున్నది సార్. చెప్పి దిగుమన్నరు గద, చెప్పకుండ దిగింది" అని కూర్చున్నాను. చివరికి యాదగిరి సార్ మర్యాద కోసం అత్తమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరేమన్న అంటరా?"

"నేనేం అంట సారూ. కోడలికి తోడొచ్చిన."

సరేనన్నట్టు ఆయన తల ఊపాడు. చాయ్ గ్లాసులు వచ్చాయి. అత్తమ్మ గ్లాసు అందుకుని, తాగకుండా, నేల చూస్తూ మొదలుపెట్టింది.

"నేను వయసుల ఉన్నప్పుడు గిట్లనే అయ్యింది సారూ. గిదే. లేవబుద్ధి గాదు, తినబుద్ధి గాదు. మా అత్త తాయెత్తులు కట్టిచ్చింది, ఎల్లమ్మకు మొక్కింది. ఏం గాలే. ఆఖరికి ఆసు ముంగట కూసోబెట్టింది. మా ఇంట్ల ఆసు గోడకు ఆనిచ్చి ఉంటది. పోసేటోళ్ళ మొఖం గోడ దిక్కుంటది. ఏడ్సినా ఎవలకు అవుపడదు. చెయ్యి ఆడుతనే ఉంటది, కండ్లు కారుతనే ఉంటయి. ఇరవై ఏండ్లకు మీదనే గట్లనే ఎల్లదీసిన. కోడలొచ్చి పని నేర్సినంక ఆసు దానికిచ్చిన. నా కొడుకు మిషను తెస్తే వద్దన్న. దీనికి గా గోడ సుత లేకుండ పోతదని నా భయం. ఓర్వలేనిదానివన్నడు నా కొడుకు. ఏమని జెప్పాలె సారూ? దీని పేరు నాకెరికనా? డాక్టరమ్మ దీనికి చెప్పిన పేరు ఇన్నంకనే ఎరికైంది."

ఎవరూ సలహా చెప్పలేదు. యాదగిరి సార్ లేచి, చల్లారిన ఆమె గ్లాసు తీసుకుని వేడి చాయ్ పోయించి తెచ్చాడు. నేను ఆమె పక్కకు జరిగి కూర్చున్నాను. పదిహేడేళ్ళ పిల్లగా ఆ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి ఆమె వీపునే చూశాను నేను, ఆసు ముందు. వెనక నుంచి చూసి ఎంత పనిమంతురాలో అనుకున్నాను.

ఇప్పుడు మాత్రలు మళ్ళీ వేసుకుంటున్నాను. అత్తమ్మ కూడా డాక్టరమ్మ దగ్గరికి వస్తోంది. బాగైపోయామని చెప్పను, కొన్ని పొద్దులు ఇంకా బండలాగే ఉంటాయి. సరిత చోటులో ఇప్పుడు అత్తమ్మ కూర్చుంటుంది, నా వంతు వస్తే మోచేత్తో పొడవడం మాత్రం ఆమెకు తెలియదు. ఇది చదివేవాళ్ళకు ఒక్కటే మాట. మీ ఇంట్లో ఎవరైనా పని చేస్తూనే ఉంటే, గొడవ చేయకుండా ఉంటే, బాగున్నారని అనుకోకండి. ఒకసారి ముందుకు వచ్చి ముఖం చూడండి.

ఆ శనివారం సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను.

మేము సందులోకి రాగానే ఎదురింటి లక్ష్మమ్మ చాటలో బియ్యం చెరుగుతూ అడిగింది. "అత్తాకోడండ్లు ఏడికి పోయొచ్చిండ్రు? భుజానికి కరెంటు పెట్టిచ్చుకునేతందుకా?"

నేను అలవాటుగా అవునని అనబోయాను. అత్తమ్మ ఆగింది.

"భుజం లేదు, కరెంటు లేదు లక్ష్మీ. మనసు బాగలేక పోయినం. ఇద్దరం."

లక్ష్మమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది. మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. కిటికీలోంచి అంతా విన్నాడు మా ఆయన. మేము లోపలికి వెళ్ళేసరికి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, దారం పోసే నాడె చేతిలో పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

"ఇద్దరం అంటవేందే అమ్మా? నీకేమైంది?"

"దీనికి అయ్యిందే నాకయ్యింది."

"ఎప్పటి సంది?"

అత్తమ్మ మగ్గం దగ్గరికి వెళ్ళింది. గుంటలో కూర్చున్న మనిషి తల ఆమె నడుము దాకే వస్తుంది. ఆ తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు పుట్టిన యేడు సంది. నువ్వు ఏడుస్తుంటె ఇనొస్తుండె బిడ్డా. లేసి ఎత్తుకునేతందుకు నాకే చాతగాకపోతుండె."